మార్జిన్లో లెక్కలు

మన ఊళ్ళల్లో ఏ వింత జరిగినా "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అనేస్తారు. గమనించండి, ఈ మాట ఎప్పుడూ జరిగిపోయాకే వస్తుంది. కాలజ్ఞానం తెరిచి, ఫలానా ఏడాది ఫలానాది జరగబోతోందని లెక్క కట్టుకుని, దాన్నిబట్టి ఇంట్లో నిర్ణయాలు చేసినవాళ్ళని నేను చూడలేదు. జరిగినదాని మీద ఆఖర్న వేసే ముద్ర అది. మా ఇంట్లో భవిష్యవాణి అలా ఉండేది కాదు. దానికి సంవత్సరం ఉండేది. పక్కన కూడికలూ తీసివేతలూ ఉండేవి. తప్పిపోయిన సంవత్సరం మీద స్కేలు పెట్టి గీసిన అడ్డగీత ఉండేది.

మా తాతయ్య లెక్కల మాస్టారు. అద్దంకి దగ్గర పల్లెలో ఉండి, పక్క ఊరి హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పాడు. ఆదివారం చర్చిలో సంఘపెద్ద. 2009లో పోయాడు. ఆయన బైబిలు ఇప్పుడు హైదరాబాదులో నా దగ్గరుంది. బైండింగు ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్క అంటించుకున్నాడు. సువార్తల పేజీలు చాలావరకు శుభ్రంగా ఉంటాయి. దానియేలు గ్రంథం దగ్గర గీతలు మొదలవుతాయి. ప్రకటన గ్రంథానికి వచ్చేసరికి మార్జిన్లో ఖాళీ ఉండదు. ఎర్ర సిరా, నీలం సిరా, చివరేళ్ళలో వణికిన పెన్సిలు.

మత్తయి సువార్త 24వ అధ్యాయం పక్కన ఈ నాలుగు వరసలున్నాయి:

1948 + 40 = 1988
1967 + 40 = 2007
1948 + 70 = 2018
1948 + 80 = 2028

మొదటి రెండూ కొట్టేసి ఉన్నాయి.

ఈ లెక్క తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. ఆ అధ్యాయంలో యేసు అంజూరపు చెట్టు ఉపమానం చెబుతాడు. కొమ్మ చిగురిస్తే ఎండాకాలం దగ్గరపడినట్టు. ఆ వెంటనే, తాను చెప్పినవన్నీ ఒక తరం దాటకముందే జరుగుతాయంటాడు. అంజూరపు చెట్టంటే ఇశ్రాయేలు జాతి అనీ, చిగురించడమంటే 1948లో ఆ దేశం ఏర్పడటమేననీ, తరమంటే సుమారు నలభై ఏళ్ళనీ ఒక వ్యాఖ్యానం ఉంది. అమెరికాలో హాల్ లిండ్సే 1970లో తెచ్చిన 'ది లేట్ గ్రేట్ ప్లానెట్ ఎర్త్' అనే పుస్తకం దీన్ని ప్రపంచమంతా తిప్పింది. 1988 దాటిపోయాక, చెట్టు నిజంగా చిగురించింది యెరూషలేము పాతనగరం ఇశ్రాయేలు చేతికొచ్చిన 1967లో అన్నారు. అదీ దాటాక, తరమంటే నలభై కాదు, 90వ కీర్తనలో మనిషి ఆయుష్షుగా చెప్పిన డెబ్భై, బలముంటే ఎనభై అన్నారు. జవాబు ముందే రాసుకుని స్టెప్పులు వెనక నించి నింపే పిల్లలకి తాతయ్య సున్నా వేసేవాడని మా నాన్న అంటుంటాడు. ఆ పని ఆయన బైబిల్లో ఆయనే చేసుకున్నాడు.

దానియేలు రెండో అధ్యాయం దగ్గర ఒక బొమ్మ గీసి ఉంది. నెబుకద్నెజరు రాజు కలలో చూసిన విగ్రహం. బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి పొట్ట, ఇనప కాళ్ళు, ఇనుమూ మట్టీ కలిసిన పాదాలు. వేసవి కూటాలకి పట్నం నించి వచ్చే ఒక ప్రసంగీకుడు గుడ్డ మీద వేసిన చార్టు వేలాడగట్టి ఇవన్నీ కర్రతో చూపించేవాడట. పాదాలకి పది వేళ్ళు కాబట్టి చివరి రోజుల్లో రోము సామ్రాజ్యం పది దేశాల కూటమిగా మళ్ళీ లేస్తుంది, అది యూరోపియన్ కామన్ మార్కెట్టే. తాతయ్య ఆ వేళ్ళ పక్కన "1981, గ్రీసు, 10" అని రాసుకున్నాడు. నిజమే, 1981 జనవరిలో గ్రీసు పదో దేశంగా చేరింది. దాని కింద వేరే సిరాతో "1986, స్పెయిన్, పోర్చుగల్, 12" అనీ, దాని ముందు ఒక ప్రశ్నార్థకమూ ఉన్నాయి. కరెంటు ఎప్పుడుంటుందో తెలియని పల్లెలో ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని, యూరప్ దేశాలు ఎన్నయ్యాయో ఇంత శ్రద్ధగా లెక్కపెట్టిన మనిషిని తల్చుకుంటే నాకు నవ్వొస్తుంది. నవ్వు పూర్తవకుండానే ఆగిపోతుంది కూడా.

ప్రకటన గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో ఆకాశం నించి ఒక నక్షత్రం పడి నీళ్ళని చేదు చేస్తుంది. దాని పేరు మన తెలుగు బైబిల్లో మాచిపత్రి. వినాయకచవితి పత్రిలో మొదట వచ్చే ఆకు అదే. ఆ మాట పక్కన తాతయ్య "చెర్నోబిల్, 1986" అని రాశాడు. ఉక్రేనియన్ భాషలో ఆ ఊరిపేరు నిజంగానే ఆ జాతి మొక్క పేరు. అణుకేంద్రం పేలినప్పుడు ఈ పోలిక ప్రపంచమంతా పాకింది. మిగతా లెక్కలతో పోలిస్తే దీని దగ్గర ఒళ్ళు కాస్త జలదరిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఇది కూడా బ్రహ్మంగారి పద్ధతే, పేలాక దొరికిన పోలిక.

ముందే తేదీ చెప్పే పద్ధతికి పెద్ద చరిత్ర ఉంది. అందులో అందరికన్నా ప్రసిద్ధుడు విలియం మిల్లర్. న్యూయార్క్ రాష్ట్రంలో రైతు, 1812 యుద్ధంలో పోరాడి వచ్చినవాడు. దానియేలు ఎనిమిదో అధ్యాయంలో, 2300 రోజుల తర్వాత పరిశుద్ధస్థలం పవిత్రమవుతుందన్న మాట ఉంది. ప్రవచనంలో రోజంటే సంవత్సరమన్నాడు మిల్లర్. యెరూషలేము గురించి పారసీక రాజు ఆజ్ఞ ఇచ్చిన క్రీ.పూ. 457 నించి 2300 ఏళ్ళు లెక్కపెట్టాడు. 1843 వచ్చింది. క్రీస్తు పూర్వానికీ క్రీస్తు శకానికీ మధ్య సున్నా సంవత్సరం లేదు కాబట్టి, మరో ఏడాది కలపాలని తర్వాత సవరించారు. చివరికి అనుచరులు 1844 అక్టోబర్ 22 దగ్గర ఆగారు. వేలమంది ఆ రాత్రి మేలుకుని ఎదురుచూశారు. కొందరు పంట కొయ్యకుండా వదిలేశారు. తెల్లారింది. అమెరికా మతచరిత్రలో దాన్ని 'మహా ఆశాభంగం' అంటారు.

ఆసక్తికరమైనది ఆ తర్వాత జరిగింది. లెక్క తప్పిందని చాలామంది వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళలో కొందరు, తేదీ సరైనదే, జరిగిందేమిటన్నదే మనం పొరబడ్డాం, పవిత్రమైంది పరలోకంలోని పరిశుద్ధస్థలం అన్నారు. 1863లో ఏర్పడిన సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘానికి మూలం ఆ గుంపులో ఉంది. ఇంకొందరు కొత్త తేదీలు వెతుక్కున్నారు. 1988లో ఎడ్గర్ విజనెంట్ అనే మాజీ నాసా ఇంజనీరు, ఆ ఏడాదే విశ్వాసులు ఎత్తబడతారనడానికి 88 కారణాలు రాసి పుస్తకం వేశాడు. అది తప్పాక మరుసటేడాదికి ఇంకో పుస్తకం వేశాడు. హెరాల్డ్ కేంపింగ్ అనే రేడియో బోధకుడు 2011 మే 21 అని ఊరూరా హోర్డింగులు పెట్టించాడు. ఆ రోజు దాటింది. అక్టోబర్ 21 అన్నాడు, అదీ దాటింది. మరుసటేడాది, తేదీ చెప్పడం పాపమని ఒప్పుకున్నాడు. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియదని తేల్చి చెప్పేదీ తాతయ్య అన్ని కూడికలు వేసిన ఆ 24వ అధ్యాయమే. ఆయన ఆ వాక్యం కింద కూడా గీత గీశాడు. పక్కన "దినం తెలియదు, సంవత్సరం తెలియదనలేదు" అని రాసుకున్నాడు.

ఇక్కడిదాకా వచ్చాక వీళ్ళందరినీ చూసి నవ్వేసి పుస్తకం మూసెయ్యడం తేలిక. మా ఆఫీసులో నేనీ కథ చెప్తే అదే జరుగుతుంది. కానీ అసలు ఒక లెక్కల మాస్టారికి ఈ లెక్క ఎందుకు కావాల్సి వచ్చింది?

మిల్లర్ బాప్టిస్టు. ఆ రోజుల్లోనే, 1840లో, అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో మిషన్ పెట్టారు. అక్కడినించి ఒంగోలుకి వచ్చారు. 1876-78 ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలి ఇచ్చాడు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. మా కుటుంబం ఆ తరం క్రైస్తవులే. మిల్లర్ లెక్క ఆ మిషన్ వెంట పడవెక్కి వచ్చిందని నేననను. ఆ రకం చార్టులు చాలా తర్వాత, కూటాలతోనూ కరపత్రాలతోనూ వచ్చాయి. వచ్చినవి మా వాడలో ఎందుకు అతుక్కున్నాయన్నదే నాకు ముఖ్యం.

మన పల్లెల్లో కాలం ఎవరి చేతిలో ఉండేదో ఆలోచించండి. తిథి, వర్జ్యం, ముహూర్తం, ఏరువాక ఎప్పుడు, పెళ్ళెప్పుడు, అన్నీ పంచాంగంలో ఉండేవి. పంచాంగం ఇంకొకరి చేతిలో ఉండేది. మా పెద్దవాళ్ళు ఏదైనా అడగాలంటే అరుగు కింద దూరంగా నిలబడి అడగాలి. అలాంటి వాడకి ఒక పుస్తకం వచ్చింది. అందులో లోకానికంతటికీ ఒక ముహూర్తం ఉందట. దాన్ని లెక్క కట్టడానికి కూడికా తీసివేతా వస్తే చాలట. బడికెళ్ళిన మొదటి తరం మనిషికి అంతకన్నా ఏం కావాలి? పంచాంగం రాసేవాళ్ళకి కూడా తెలియని రోజు తనకి తెలుసు. తాతయ్య మార్జిన్లలో నాకు భక్తితో పాటు ఆ గర్వం కూడా కనిపిస్తుంది. దాన్ని నేను తీసిపారెయ్యలేను.

ఆ గర్వానికి ఖరీదు కట్టింది మా అత్త. తాతయ్య ఒక్కగానొక్క కూతురు. 1985లో ఇంటర్ పాసైంది. ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సు ట్రైనింగుకి సీటొచ్చింది. మూడేళ్ళ కోర్సు. హాస్టల్‌కి ట్రంకుపెట్టె కూడా కొన్నారు. తాతయ్య వేళ్ళ మీద లెక్కపెట్టి, "నువ్వు బయటికొచ్చేసరికి 88 అవుద్దమ్మా, అప్పటికి మనం ఈడ ఉండేవాళ్ళం కాదు" అన్నాడట. ఉన్న మూడేళ్ళూ నలుగురం ఒకచోట ఉండి ప్రార్థన చేసుకుందామన్నాడట. అత్త వెళ్ళలేదు. 1988 వచ్చింది, పోయింది. తర్వాత పెళ్ళి, ఇద్దరు పిల్లలు. ఇప్పుడు అంగన్‌వాడీ టీచరు. ఆ ట్రంకుపెట్టెలో బియ్యం పోసుకుంటుంది.

ఈ కథ నాకు చిన్నప్పటినించీ ఇంతవరకే తెలుసు. బైబిలు నా దగ్గరికొచ్చాక ఇంకో ముక్క దొరికింది. ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలో, చంపబడినవాళ్ళ ఆత్మలు బలిపీఠం కింద నించి దేవుణ్ణి ఒక ప్రశ్న అడుగుతాయి. మా రక్తానికి తీర్పు చెప్పకుండా ఇంకా ఎన్నాళ్ళు ఊరుకుంటావని. అక్కడ కూడిక లేదు, తీసివేత లేదు. ఒక్క ఊరి పేరుంది. "కారంచేడు, 17-7-85."

మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల్ని కడుగుతుంటే ఒక మాదిగ స్త్రీ అడ్డం చెప్పింది. ఆ మర్నాడు ఊరి పెద్దకులం వాళ్ళు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవాళ్ళు చీరాల పారిపోయి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడినించే ఒక పెద్ద దళిత ఉద్యమం లేచింది. తాతయ్య చీరాల వెళ్ళి వాళ్ళని చూసొచ్చాడని నాకు తెలియదు. అత్తని ఫోన్లో అడిగాను.

"పోయొచ్చాడమ్మాయ్. వచ్చి రెండ్రోజులు అన్నం తినలా. అప్పుడే నా సీటు. ఇంక నన్ను గడప దాటనిస్తాడా? 88కి లోకం అయిపోద్దని లెక్కొచ్చి నన్ను ఆపలా మీ తాత. అయిపోతే బాగుండనిపించి లెక్కేసుకున్నాడు."

ఆ మాట విన్నాక నేను దానియేలునీ ప్రకటననీ మళ్ళీ మొదట్నించీ చదివాను. ఈసారి వాటిని రాసినవాళ్ళ చేతుల్లోంచి చదివాను. చాలామంది పండితుల ప్రకారం, దానియేలు దర్శనాలు ఇప్పుడున్న రూపానికి వచ్చింది క్రీ.పూ. రెండో శతాబ్దంలో, అంటియోకస్ ఎపిఫేనిస్ అనే గ్రీకు రాజు యూదుల్ని హింసించిన రోజుల్లో. క్రీ.పూ. 167లో అతను యెరూషలేము ఆలయాన్ని మైలపరిచాడు. 164లో యూదులు దాన్ని మళ్ళీ శుద్ధి చేసుకున్నారు. వాళ్ళ హనుక్కా పండగ దాని జ్ఞాపకమే. 2300 అన్న చోట మూలంలో ఉన్నది 'సాయంత్రాలూ ఉదయాలూ' అని. రోజుకి రెండు బలులు, సాయంత్రం ఒకటి, ఉదయం ఒకటి. ఆ లెక్కన 2300 పూటలంటే 1150 రోజులు. మూడేళ్ళ చిల్లర. అంటే మిల్లర్ 23 శతాబ్దాలుగా సాగదీసిన ఆ అంకె, మొదట విన్నవాళ్ళకి అతి దగ్గర అంకె. ఇంకో మూడేళ్ళు ఓర్చుకోండి, ఈ రాజుకీ ఆఖరుంది అని చెప్పడం.

ప్రకటన గ్రంథంలో 666 కూడా అంతే. హీబ్రూలో అక్షరాలకి అంకెల విలువలుంటాయి. 'నీరో కైసరు' అని రాసి కూడితే 666 వస్తుంది. ఆ పేరునే లాటిన్ పలుకుబడిలో చివరి అక్షరం తీసేసి రాస్తే 616. కొన్ని ప్రాచీన ప్రతుల్లో 666కి బదులు 616 ఉండటానికి ఇంతకన్నా మంచి వివరణ నాకు కనపడలేదు. రోము పేరెత్తితే ప్రాణం పోయే రోజుల్లో దాన్ని బబులోను అన్నారు, చక్రవర్తి పేరు పలకలేక అంకె వేశారు. పద్దెనిమిదో అధ్యాయంలో ఆ నగరం కొనే సరుకుల జాబితా ఒకటుంది. బంగారంతో మొదలై, పట్టుబట్టలూ సుగంధద్రవ్యాలూ పశువులూ దాటి, చివర మనుషుల ప్రాణాల దగ్గర ఆగుతుంది. ఇది రేపటి వార్త కాదు, వాళ్ళ సంతలో వాళ్ళు కళ్ళారా చూసింది.

అందుకే నాకిప్పుడు ఒకటి గట్టిగా అనిపిస్తుంది. ఈ పుస్తకాల్లో అంకెలు ఉన్నది కష్టానికి హద్దు గీయడానికి. దెబ్బలు తింటున్నవాడికి, ఇది అనంతం కాదు, దీనికి లెక్కుంది అని చెప్పడానికి. చార్టు పట్టుకొచ్చిన ప్రసంగీకుడు ఆ హద్దుని తీసి బతుకుకి పెట్టాడు. హింసించే రాజు ఇంకో మూడేళ్ళే ఉంటాడన్న మాట, మా ఇంట్లోకి వచ్చేసరికి, మూడేళ్ళ తర్వాత నువ్వుండవు గనక చదువెందుకన్న మాటైంది. కారంచేడు పేరు రాసిన పేజీలో తాతయ్య పుస్తకాన్ని సరిగ్గా చదివాడు. అక్కడ ఆయన అడిగింది రెండువేల ఏళ్ళ కిందట వాళ్ళు అడిగిన ప్రశ్నే. దానికి జవాబుగా 1988 అని ఎవరో చేతికిచ్చారు, తీసుకున్నాడు.

ఈ అంటియోకస్ సంగతంతా అత్తకి చెప్పాను. ఓపిగ్గా విని, "అయితే ఇంక రాడంటావా?" అంది. నా దగ్గర జవాబు లేదు. "రాకేం, వచ్చినప్పుడొస్తాడు," అంది తనే. "మూడేళ్ళ కోర్సంటే మూడేళ్ళేగా, అదన్నా అయిపోయుండేది."

2018 వరస ఎందుకు కొట్టెయ్యలేదని కూడా అడిగాను, బైబిలు అప్పుడు తన దగ్గరే ఉంది కాబట్టి. "ఆయన లెక్క. ఆయనే కొట్టేసుకోవాల" అంది.

2021లో మా ఊరి వాడలో కోవిడ్ టీకా వేయించుకోవడానికి ముసలివాళ్ళు ముందుకి రాలేదు. అది మృగం ముద్ర అని యూట్యూబులో ఎవరో చెప్పాడు, ఆ వీడియో వాట్సాప్‌లో ఇంటింటికీ తిరిగింది. టీకా వేసుకుంటే పేరు జీవగ్రంథంలోంచి పోతుందని ఏడ్చినవాళ్ళున్నారు. ఏఎన్ఎం చెప్పింది, సర్పంచి చెప్పాడు, ఎవరూ కదల్లేదు. అత్త ఆ ఆదివారం ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి, ప్రకటన పదమూడో అధ్యాయం తియ్యమందట. చదువొచ్చిన ఒక పిల్ల చేత పైకి చదివించింది. ముద్ర ఎక్కడ వేస్తారని రాసుంది? కుడిచేతి మీద, లేదా నొసటి మీద.

"టీకా ఎడమ జబ్బకేస్తారు," అంది అత్త. "పదండి."

ఆ రోజు పదకొండుమంది వేయించుకున్నారు. పేర్లూ ఆధార్ నంబర్లూ రిజిస్టర్లో ఎక్కించి, సంతకాలు రానివాళ్ళ చేత వేలిముద్రలు వేయించి, సాయంత్రం ఆరింటికి ఇంటికెళ్ళింది.